నేతవీధికి వచ్చిన షీల్డు

నా అక్షర దోషాలను ముందుగానే క్షమించండి. యాభై దాటాక బలపం పట్టినదాన్ని, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు. రాయడం కూడా మహా నిదానం. ఒక పేజీ పూర్తయ్యేలోగా పొయ్యి మీద పాలు పొంగిపోయి, ఆరిపోయి, పిల్లి కూడా వచ్చి చూసి వెళ్ళిపోతుంది. అయినా ఈ షీల్డు సంగతి ఎవరో ఒకరు రాయాలి.

తమిళనాడు అంచున, తిరుత్తణి దగ్గర, మా అత్తిమంజేరిపేట నేతవీధిలో కళ్ళు మూసుకుని నడిచినా ఎవరి ఇంటి ముందు ఉన్నామో తెలిసిపోయేది. మగ్గం చప్పుడే ఇంటి గుర్తు. ధర్మలింగం మగ్గం రైలు మాదిరి ఒకే ఊపున పరుగెత్తేది. చౌడప్పది ఆగి ఆగి దగ్గేది. అరుణాచలం తాతది ముసలాయన కొండమెట్లు ఎక్కినట్టు, ఒక్కో దెబ్బకూ ఊపిరి పీల్చుకునేది. ఏ ఇంట్లోనైనా పట్టపగలు మగ్గం ఆగిందంటే వీధంతా చెవులు నిక్కించేది. పోగు తెగిందా, చుట్టం వచ్చాడా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటున్నారా అని ఎవరి మగ్గం మీద వాళ్ళు కూర్చునే తీర్పులు చెప్పేవాళ్ళు.

ఎనభై అయిదో సంవత్సరంలో ధర్మలింగం పెళ్ళాం పచ్చయమ్మకు ఉన్నది ఒకే ఒక దిగులు. నాలుగో కాన్పులో ఆమె చచ్చి బతికింది. పోయిన రక్తానికి తిరుత్తణిలో ఒక ఆస్పత్రిలో మంచం కింద బకెట్టు పెట్టారు. అక్కడి లేడీ డాక్టరు దేవకి ఆమె తల దగ్గర కూర్చుని, దాపరికం లేకుండా చెప్పింది. ఇంకొక కాన్పు వస్తే నువ్వు ఉండవు. ఆపరేషను చేద్దామంటే నీ ఒంట్లో దానికి చాలినంత రక్తం లేదు. కాపర్-టీ ఒకటి పెడితే చాలు, చిటికెన వేలంత వస్తువు, పెట్టేదానికి వక్క నమిలినంత సేపు కూడా పట్టదు. కానీ ఇప్పుడు స్టాకు లేదు, రాగానే కబురు చేస్తాను.

పచ్చయమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని బస్సెక్కి ఇంటికి వచ్చింది. కబురు కోసం చూసింది. అది రాలేదు. ఈలోపల వీధిలో ఇంకో సంగతి జరిగింది.

నాడె సంగతి చెప్పాలి. మగ్గం మీద పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కర్రముక్కే నాడె, పేక పోగును కడుపులో పెట్టుకుని తిరుగుతుంది. అది నునుపుగా జారితేనే నేత. గాలిలో తేమ పెరిగిందంటే నాడె మొండికేస్తుంది. వెనకటినుంచీ దానికి కొబ్బరినూనె రాసేవాళ్ళు. నూనె పోగుకు అంటితే లుంగీ మీద మరక. మరక కనిపిస్తే, నేసినవి కొనే షావుకారు ఆ లుంగీని రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పడేసేవాడు. మైనం రాస్తే మధ్యాహ్నం ఎండకు కరిగి జిగటయ్యేది.

చౌడప్పకు కొత్తగా పెళ్ళయింది. నర్సు సరసమ్మ వాడి చేతిలో నిరోధ్ పెట్టె ఒకటి పెట్టి, ఎట్లా వాడాలో తన బొటనవేలు మీద చూపించింది. ఎమర్జెన్సీలో జీపుల్లో ఎక్కించుకుపోయి కోసేశారనే కథలు విన్న వీధి అది. సరసమ్మ గొడుగు మలుపులో కనబడగానే మగవాళ్ళందరూ పెరటి దారిన మాయమయ్యేవాళ్ళు. పరుగెత్తడం చేతకాక దొరికినవాడు చౌడప్ప ఒక్కడే. ఇంట్లో తల్లి ఉంది, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక మగ్గంలో నాడె వచ్చి ఆగే పెట్టెలో కుక్కి మరిచిపోయాడు. మర్నాడు నాడె దెబ్బకు ఒక పొట్లం చిట్లింది. ఆ సంవత్సరం వచ్చిన సరుకు నున్నటి మందు పూసినది. మందు నాడెకు అంటింది. మరక లేదు, జిగట లేదు. ఎప్పుడూ దగ్గే చౌడప్ప మగ్గం ఉన్నట్టుండి ధర్మలింగం మగ్గంతో పోటీపడి పరుగెత్తడం మొదలుపెట్టింది.

వీధిలో తక్కిన మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చౌడప్ప ఇంటి ముందు ఊరేగింపు వచ్చినట్టు జనం చేరారు.

ఆ తరువాత సరసమ్మ వచ్చినప్పుడు మగవాళ్ళు పారిపోలేదు. తలకు నీళ్ళు పోసుకుని, విభూతి పెట్టుకుని, అరుగుల మీద కూర్చుని ఎదురు చూశారు. అరుణాచలం తాత పెళ్ళాం పోయి చాలా కాలమైంది, ఆయనకు పండ్లు కూడా లేవు. అందరికంటే ముందు చెయ్యి చాచాడు.

"నాకు రెండు పెట్టెలు ఇయ్యి తల్లీ. మా చిన్నోనికి ఒకటి చాలు, వాడు సోమరి."

సరసమ్మ ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది, పైట సర్దుకుంది, రెండు పెట్టెలూ అరుగు చివర పెట్టి వెనక్కి జరిగింది. ఆనాటి నుంచి ఆయనతో ఎప్పుడు మాట్లాడినా గొడుగు మధ్యలో అడ్డం ఉండేది.

పెట్టెలు సంచులయ్యాయి. సంచులు మూటలయ్యాయి. నేతవీధి మగవాళ్ళ పేరు చుట్టుపక్కల మారుమోగింది. కొళాయి దగ్గర రెడ్లవీధి వరదమ్మ బిందె దించి, పచ్చయమ్మ ముఖంలోకి జాలిగా చూసేది.

"ఏమే పచ్చా, మీ వీధిలో మొగోళ్ళకు నేసేదానికి కూడా టైము ఉంటాదా?"

పచ్చయమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఏమని చెప్పాలి? వీధిలో ఉయ్యాలలు ఎప్పటిలాగే ఊగుతున్నాయి. పొట్లాలు లెక్కపెట్టేది ఒక ఆఫీసు, ఉయ్యాలలు లెక్కపెట్టేది ఇంకొక ఆఫీసు. ఆ రెంటికీ మాటల్లేవు.

ఒకనాడు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం ఆపి, ఆమె మొగుణ్ణి అడిగింది. అన్ని పొట్లాలున్నాయి కదా, ఒకటి ఇంటికోసం తీసిపెట్టు అని. ధర్మలింగం మగ్గం కింది గుంతలో కూర్చుని కాళ్ళతో తొక్కుతూనే ఉన్నాడు. మంచివాడే, తాగడు, కొట్టడు, కానీ నేత దగ్గర మాత్రం పిసినారి.

"పిచ్చిదానా, ఒగటి రుద్దితే నాడె అరపూట పోతాది. అరనిమిషం దానికి పాడు చేసుకుంటామా?"

"అరనిమిషం అని నువ్వే ఒప్పుకుంటివి కదా మామా," అంది పచ్చయమ్మ.

ఆ సాయంత్రం ఆమె తన చాప తీసుకుపోయి అత్త సెల్లమ్మ పక్కన పరుచుకుంది. ఒకవైపు అత్త, ఇంకోవైపు పిల్లలు. సెల్లమ్మ మొదట గొణిగింది. మొగుడి పక్కన లేని పెళ్ళాం ఎందుకని సణిగింది. పచ్చయమ్మ ఆమెకు ఎదురు చెప్పకుండా, నువ్వు ఎంతమందిని కన్నావత్తా అని అడిగింది. సెల్లమ్మ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక పాప దగ్గర ఆగింది, ఆ పాప పేరు గుర్తు రాలేదు. మళ్ళీ మొదటినుంచి మడిచింది. మళ్ళీ అక్కడే ఆగింది. తరువాత గోడవైపు తిరిగి, కోడలి కోసం కొంచెం జరిగి చోటిచ్చింది.

చాప మార్చడం సులభమే, మనసు మార్చడం కష్టం. పచ్చయమ్మకు ఇరవై ఏడేళ్ళు. ధర్మలింగం చెమట పట్టిన వీపు చూస్తే ఆమెకు ఇప్పటికీ కండె చేతిలోంచి జారిపోయేది. బతకాలనీ ఉంది, మొగుడి పక్కకు పోవాలనీ ఉంది. రెండూ అడగడం అత్యాశ ఎట్లా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు. ధర్మలింగం మూతి ముడుచుకుని నేసేవాడు. ఆయన మగ్గంలో కోపం వీధికంతా వినిపించేది.

ఇక కబురు కోసం చూడకుండా ఆమె మళ్ళీ తిరుత్తణి బస్సెక్కింది. డాక్టరు దేవకి ఆమెను గుర్తుపట్టి తల పట్టుకుంది. కాపర్-టీలు వచ్చాయట, అయితే అన్నీ వ్యానుకు ఇచ్చేశారట. ఆ వ్యాను వెనకబడిన ఊళ్ళకు పోతుంది. కే.జీ.కండిగైకి పోయింది, ఇంకా ఎక్కడెక్కడికో పోయింది. అత్తిమంజేరిపేట పేరు మాత్రం కొట్టేశారు.

"ఎవురు కొట్టేసినారు డాక్టరమ్మా?"

"మీ మొగుళ్ళే. ఈ చుట్టుపక్కల మీ ఊరి మగవాళ్ళు వాడినన్ని నిరోధ్‌లు ఇంకెవరూ వాడటం లేదు. పైవాళ్ళ దృష్టిలో మీ ఊరు బాగుపడిపోయింది పచ్చయమ్మా. బాగుపడిన ఊరికి వ్యాను ఎందుకు పంపుతారు?"

నాడె సంగతి పచ్చయమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే వీధి మగవాళ్ళందరి పరువు, సరసమ్మ ఉద్యోగం, ఇంట్లో నేత, అన్నీ ఒక్క మాటతో పోతాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెప్పకపోతే పోయేది ఏదో కూడా ఆలోచించింది. అది తన ప్రాణం ఒక్కటే. ఊళ్ళో దిగేసరికి ఆ రెండూ ఇంకా తూగుతూనే ఉన్నాయి.

అప్పుడే షీల్డు వచ్చింది.

కుటుంబ నియంత్రణలో మగవాళ్ళు ఇంత ముందున్న ఊరు ఇంకోటి లేదని, తిరువళ్ళూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చి వెండిరంగు షీల్డు ఇస్తాడని సరసమ్మ చెప్పింది. ఆమె కొత్త చీర కొనుక్కుంది. ఆయనతోపాటు ఒక దొరసాని కూడా వస్తుందట. దేశదేశాలు తిరిగి, ఆడవాళ్ళ ఆరోగ్యం ఎక్కడెక్కడ ఎంత బాగుపడిందో చూసి పోయే పెద్ద సంస్థ మనిషి. ప్రపంచమంతా ముందుకు పోతోందట, అందులో అత్తిమంజేరిపేట ఇంకాస్త ముందు పోతోందట.

వీధిలో మగవాళ్ళకు చెమటలు పట్టాయి. ధర్మలింగం ఇంట్లో పొట్లాలన్నీ మురుగన్ పటం వెనక దాచాడు. పెళ్ళాం వైపు వేలు చూపించి, వాళ్ళు పోయేదాకా నోరు తెరవొద్దని చెప్పాడు.

బడి ముందర పందిరి వేశారు. మగవాళ్ళకు దండలు వేశారు. షీల్డు అందుకోవడానికి అందరిలో పెద్దవాడని అరుణాచలం తాతను నిలబెట్టారు. దొరసాని ఉక్కపోతకు దానిమ్మ గింజలా ఎర్రబడి, ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, ఈ వయసులో కూడా ఇంత బాధ్యత ఉన్న మనిషిని తాను ఏ దేశంలోనూ చూడలేదంది. తాత ఏదో చెప్పబోయాడు. చౌడప్ప వెనకనుంచి పంచె పట్టుకుని లాగాడు.

డాక్టరు దేవకి కూడా వేదిక చివర కుర్చీలో కూర్చుని ఉంది. ఆడవాళ్ళకు ఇంకా ఏమైనా కావాలా అని దొరసాని అడిగింది. ఆడవాళ్ళ తరఫున ఆఫీసరే లేచి, ఏమీ అక్కరలేదని చెప్పాడు. పచ్చయమ్మ గుంపులో నిలబడి కొంగు చివర ముడి వేసింది, విప్పింది.

పోయేముందు దొరసానికి మగ్గం చూడాలనిపించింది. బడికి దగ్గర ఇల్లు ధర్మలింగానిది.

ఆఫీసరు, దొరసాని, డాక్టరు, సరసమ్మ లోపలికి వచ్చారు. వీధి అంతా గుమ్మంలో, కిటికీలో తలలు పెట్టింది. ధర్మలింగం గుంతలోకి దిగాడు. ఆవేళ నాడెకు ఏమీ రుద్దలేదు, వాసన కూడా తగలకూడదని పొద్దున్నే కడిగి తుడిచాడు. పైగా ముసురు పట్టిన రోజు. తాడు లాగాడు. నాడె సగం దూరం పోయి ఆగింది. మళ్ళీ లాగాడు. అడ్డంగా తిరిగి పోగులు తెంపింది. మూడోసారి గట్టిగా లాగేసరికి పక్కకు ఎగిరి ఆఫీసరు బూటు మీద పడింది.

గుమ్మంలో ఎవరో నవ్వారు. రెడ్లవీధి వాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. మంచి నేతగాడు పదిమంది ముందర నాడె పారేసుకోవడం అంటే పంచె ఊడిపోవడం కంటే ఎక్కువ. ధర్మలింగం చెవులు నల్లబడ్డాయి. ఈ పని ఎప్పుడూ ఇంత కష్టమా అని దొరసాని జాలిగా అడిగింది. ఆఫీసరు ఆ మాట తమిళంలో చెప్పాడు. ధర్మలింగం తల ఎత్తలేదు. ఎత్తకుండానే, కనుకొలకుల్లోంచి, పెళ్ళాం వైపు చూశాడు. తెగిన పోగు అతకాల్సి వచ్చినప్పుడు, కండె అయిపోయినప్పుడు, రోజుకు ఎన్నోసార్లు ఆయన చూసే చూపే అది.

పచ్చయమ్మ లేచింది. మురుగన్ పటం వెనక చెయ్యి పెట్టి ఒక పొట్లం తీసింది. పంటితో చింపింది. ఆఫీసరు బూటు పక్కన పడిన నాడె తీసుకుని, అందరి కళ్ళెదుట, అటూ ఇటూ నిమ్మళంగా రుద్దింది. వంటింట్లో పెనానికి ఉల్లిగడ్డ రుద్దినంత మామూలుగా రుద్దింది. తెగిన పోగులు అతికి, నాడెను దాని చోట పెట్టింది.

"ఇప్పుడు నెయ్యి మామా."

ధర్మలింగం వద్దనలేకపోయాడు. చెయ్యి దానంతట అదే తాడు లాగింది. నాడె జారింది. మగ్గం రైలు మాదిరి అందుకుంది. లుంగీ గళ్ళు ఒకదాని మీద ఒకటి లేచాయి. ఆ చప్పుడు వినగానే ఆయన భుజాలు కూడా నిటారయ్యాయి.

పచ్చయమ్మ ఆఫీసరును వదిలి దేవకి వైపు తిరిగింది.

"మీరిచ్చినవన్నీ ఇట్లనే పోతా ఉండాయి డాక్టరమ్మా. తాతవీ, చౌడప్పన్నవీ, మావీ. ఒగటి కూడా పడకదాకా రాలేదు. మా ఊరు బాగుపడలేదని ఈయమ్మకు చెప్పండి. వ్యాను పంపియ్యమని చెప్పండి."

మూలలో వక్కలు దంచుతున్న సెల్లమ్మ రోకలి ఆపింది.

"మందు మంచిదే సామీ, తప్పు చెప్పగూడదు," అంది ఆఫీసరుతో. "ఇన్ని దినాల్లో నాడెకు ఒగసారి కూడా కడుపు రాలేదు."

ఏమంటున్నారని దొరసాని అడిగింది. ఆఫీసరు చాలా చిన్న మాట ఒకటి చెప్పాడు. ఇంత పెద్ద సంగతికి అంత చిన్న తర్జుమా ఉండదని దొరసానికి ఇక్కడి భాష రాకపోయినా తెలిసింది. ఆమె దేవకి వైపు చూసింది. దేవకి ఏమీ వదలకుండా చెప్పింది, సెల్లమ్మ మాట కూడా చెప్పింది. దొరసాని మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గుమ్మంలో ఆడవాళ్ళు అందుకున్నారు. వరదమ్మ నవ్వు అన్నిటికంటే పైన వినిపించింది. నవ్వనివాళ్ళు మగవాళ్ళు, ఆఫీసరు, సరసమ్మ.

నవ్వు తగ్గాక దొరసాని కళ్ళు తుడుచుకుని పచ్చయమ్మను ఒక మాట అడిగింది. ఎంత కాలం నుంచి అడుగుతున్నావు అని.

"చిన్నోడు ఒళ్ళో ఉండేటప్పుడు అడిగితిని," అంది పచ్చయమ్మ. "ఇప్పుడు పరిగెత్తుతా ఉండాడు."

దేవకి దాన్ని తర్జుమా చేసేసరికి దొరసాని ముఖంలో నవ్వు పోయింది. ఆఫీసరు వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. ఆయన మధ్య మధ్య తల ఊపాడు. ఇక సరసమ్మ వైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగాడు. తెలుసో తెలియదో ఆమె చెప్పలేదు. ఇంత మంచి పేరు వచ్చాక ఏ ముఖం పెట్టుకుని చెప్పేది సార్ అని మాత్రం అంది.

షీల్డు మీద పేరు చెక్కించి పంపుతామని ఆఫీసరు దాన్ని జీపులో పెట్టించుకున్నాడు. అరుణాచలం తాత జీపు వెనకాల కొంత దూరం నడిచాడు. షీల్డు మళ్ళీ రాలేదు. మరుసటేడు కే.జీ.కండిగైకి ఇచ్చారని విన్నారు. అక్కడ నేతవాళ్ళు లేరు కాబట్టి వాళ్ళది నిజమే అయి ఉండవచ్చు.

ఆ వారమంతా ధర్మలింగం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. వీధి మగవాళ్ళు పచ్చయమ్మ ఎదురుపడితే ముఖం తిప్పుకున్నారు. నీ పెళ్ళాం మా నోటికాడిది తీసేసిందని చౌడప్ప ధర్మలింగాన్ని నిలదీశాడు. చౌడప్ప పెళ్ళాం లోపలినుంచి, అది నోటికాడ పెట్టుకునేది కాదులే అంది. ఆమెకు అప్పటికే నెల తప్పింది.

ముసురు తగ్గకముందే వ్యాను వచ్చింది. వ్యానులోంచి ముందు దిగింది సరసమ్మ గొడుగు, ఆ వెనక దేవకి. బడి వెనక గదిలో తెర కట్టారు. మొట్టమొదట పోయింది పచ్చయమ్మ. ఆమె వెనకాల వీధి ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల తల వంచుకుని రెడ్లవీధి వాళ్ళు, అందరికంటే చివర వరదమ్మ. దేవకి చెప్పినట్టే వక్క నమిలినంత సేపు కూడా పట్టలేదు. దాని కోసం ఇంత కాలమా అని పచ్చయమ్మకు తెర అవతల పడుకునే నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. కొన్నాళ్ళు నడుము నొస్తుంది, ఓర్చుకో, మళ్ళీ వచ్చి చూస్తానని దేవకి చెప్పింది. చెప్పినట్టే మళ్ళీ వచ్చి చూసి, ఇక భయం లేదంది.

ఇక పొట్లాలు మగవాళ్ళ చేతికి ఇవ్వడం సరసమ్మ మానేసింది. ఆడవాళ్ళకే ఇచ్చేది, ఇచ్చేటప్పుడు మగ్గం వైపు ఒక చూపు చూసేది. నాడెలకు మళ్ళీ మైనం వచ్చింది. వీధి చప్పుడు మందగించింది. చౌడప్ప మగ్గం మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది.

దేవకి చూసిపోయిన మర్నాడు మధ్యాహ్నం, పెద్దపిల్లలు బడికి పోయాక, పచ్చయమ్మ చాప చుట్టుకుని అత్త గదిలోంచి లేచి మగ్గం ఇంట్లోకి వచ్చింది. ధర్మలింగం చూశాడు. చాప చూశాడు, మనిషిని చూశాడు. గుంతలోంచి పైకి వచ్చి, మురుగన్ పటం వెనక చెయ్యి పెట్టి తడిమి, ఒక పొట్లం బయటికి తీశాడు. ఇన్నాళ్ళూ మైనంతో తంటాలు పడుతూ కూడా ఆ ఒక్కటి వాడకుండా ఉంచాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమె ముందుకు చాచాడు.

పచ్చయమ్మ పొట్లం తీసుకుని మగ్గం మీద పెట్టింది.

"ఇంక దీంతో పని లేదు. నాడెకు పెట్టుకో మామా," అంది.

నేతవీధిలో మధ్యాహ్నం పూట ధర్మలింగం మగ్గం ఆగిపోయింది. ఎదురింట్లో చౌడప్ప మగ్గం ఆగి విన్నది. పక్కింట్లో తాత మగ్గం ఆగి విన్నది. సెల్లమ్మ చిన్న మనవణ్ణి చంకనేసుకుని, తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఏమైందని తాత కిటికీలోంచి అడిగాడు.

"పోగు తెగింది. అతుకుతా ఉండారు," అంది సెల్లమ్మ. "నీ పని చూసుకో పో."

తాత అదే తన పని అన్నట్టు, ధర్మలింగం మగ్గం మళ్ళీ ఎప్పుడు మోగుతుందా అని చాలాసేపు చెవి పెట్టుకుని కూర్చున్నాడు. అది మాత్రం అరనిమిషం కాదని ఆ సాయంత్రానికి వీధి వీధంతా ఒప్పుకుంది.

— కన్నియమ్మ, అరవై తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఉండేది తిరునిన్రవూరులో, రైలు కట్టకు ఇవతల.